లిఫ్టు మర్యాద

ఫోన్లో ఆడే తోడేళ్ళ ఆటలో వచ్చిన హోదానే ఇప్పుడు ఊరంతా చూస్తుంది. గుంపు పెద్దలైన ఆల్ఫాలకి తలుపులు ముందు తెరుచుకుంటాయి, అట్టడుగు ఒమేగాలు ఆగాలి. అసలు ఆటే ఆడనివాళ్ళంతా ఒమేగాల కిందే లెక్క.

మద్దిలపాలెంలో హైమవతి ఉండే అపార్ట్‌మెంటు లిఫ్టుకీ అదే నేర్పారు. అది మూడో అంతస్తు ఆల్ఫా ప్రణీత్‌ని "రండి సార్" అంది. కూరల సంచులతో వెనకే వచ్చిన హైమవతిని "నువ్వాగు" అంది.

ఆమె ఆగలేదు. మూసుకోబోతున్న తలుపుల మధ్య కాలు పెట్టింది.

"కాలు తియ్," అంది లిఫ్టు.

"తీయండి అను, తీస్తాను."

"గుంపన్నాక పెద్దా చిన్నా ఉంటుంది కదాంటీ," అన్నాడు ప్రణీత్ లోపల్నించి.

"నిజం తోడేళ్ళ గుంపంటే అమ్మా నాన్నా పిల్లలే, బాబూ. నువ్వు ఆల్ఫా అంటున్నది ఆ అమ్మానాన్నల్నే."

పై అంతస్తుల వాళ్ళు బటన్లు నొక్కుతూనే ఉన్నారు. హైమవతి కదల్లేదు. చివరికి లిఫ్టు గొంతు తగ్గించి, "దయచేసి కాలు తీయండి," అంది.

ప్రణీత్ హమ్మయ్య అనుకున్నాడు. హైమవతి మాత్రం వెనక్కి తిరిగి, చీపురుతో మెట్లెక్కబోతున్న పనిమనిషి పైడితల్లిని చూపించింది.

"ఇప్పుడు ఆవిడని రండి అను."

కాలు అక్కడే ఉంది.