సూపు దగ్గర మాట

వంటమనిషి సూపు గిన్నె బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది. స్టేజీ మీద ఒక్క మాట లేదు.

వెనక వరసలోంచి ఎవరో ఫక్కున నవ్వారు.

హాలంతా తలలు తిప్పి చూసింది. వంటమనిషి వేషం వేసిన అమ్మాయి తన గౌను ఎక్కడైనా చిరిగిందేమోనని తడుముకుని, ఆ కంగారులో తర్వాత చెప్పాల్సింది మరిచిపోయింది.

తెర చాటున నిలబడ్డ అనెలీకి ఒళ్ళు మండింది.

ఆ నాటకాన్ని మా ఆఫ్రికాన్స్ భాషలో రాసి ఆడిస్తున్నది ఆవిడే. చెవుడు నటిస్తూ, ఇంట్లోవాళ్ళు తన గురించి ఏమనుకుంటున్నారో వినే ముసలాయన కథ. ఎక్కడో ఫ్రాన్సులో పుట్టిన హాస్యం. దక్షిణాఫ్రికాలోని మా పార్ల్ ఊళ్ళో దాన్ని మొదటిసారి మా భాషలో ఆడి యాభై ఏళ్ళయిందని గోడల నిండా పోస్టర్లు వేయించింది.

ఆ మొదటి అనువాదం ఇప్పుడు లేదు. గోదాము సర్దినప్పుడు ఎవరో చెత్తలో పారేశారు. తర్వాత ఒక ప్రొఫెసరుగారు రెండోది రాశారు గానీ అది ఆదివారం చర్చిలో ప్రసంగంలా ఉంటుంది. జనం మర్యాద కోసం నవ్వేవారు.

మూడోది అనెలీది. అంతా బాగానే కుదిరింది, ఆ సూపు దగ్గర తప్ప.

పాత నాటకంలో వంటమనిషి అక్కడ ఏదో అనేదట. జనం కుర్చీల్లోంచి జారిపడేవారట. అనెలీ వాళ్ళమ్మ ఆ మాట గురించి పోయేదాకా చెప్పుకుని నవ్వింది. అమ్మ నవ్విన ఆ నవ్వు మళ్ళీ ఆ హాల్లో వినాలని అనెలీ కోరిక. కానీ అమ్మ చెప్పిన మాట ఒకటి, మాంసం కొట్టు ఆయన చెప్పింది ఇంకొకటి, పోస్టుమాస్టరు భార్య చెప్పింది వేరొకటి. దేనికీ దేనికీ పొంతన లేదు. అందరూ మతిమరుపుతో కల్పిస్తున్నారనుకుంది. తనే ఎన్నో రాసి కొట్టేసింది. చివరికి విసిగి ఆ చోటు ఖాళీగా వదిలేసింది.

విరామంలో తిన్నగా వెనక వరసకు వెళ్ళింది.

నవ్వింది ఒక ముసలాయన. బాగా ఇస్త్రీ చేసిన పాత కోటు, ఒళ్ళో టోపీ. బెర్గ్ నది అవతల, తెల్లవాళ్ళు కానివాళ్ళుండే పేట మనిషని చూడగానే తెలుస్తోంది.

“ఎందుకు నవ్వారు?”

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. “క్షమించమ్మా. ఆపుకోలేకపోయాను.”

“అక్కడ నవ్వడానికేముంది? మాటే లేదు.”

“అదేనమ్మా. అక్కడ ఒక మాట పడాలి.”

పుండు మీద కారం చల్లినట్టయింది అనెలీకి.

“పాత నాటకం చూశారా?”

“లేదమ్మా. ఈ హాల్లో అడుగుపెట్టడం నాకు ఇదే మొదలు.”

“చూడనివాళ్ళు కూడా సలహాలిచ్చేవాళ్ళే!”

ఆయన నొచ్చుకోలేదు. “నా దగ్గర ఒకటుంది. చెప్పనా?” అన్నాడు మెల్లగా, కళ్ళు మెరుస్తుంటే.

ఇంకొకడు తయారయ్యాడనుకుంది అనెలీ. నటులు తడబడుతున్నారని, దయచేసి బయటికి వెళ్ళమని చెప్పింది. ఆయన వాదించలేదు. గుమ్మం దగ్గర ఆగి, నిండుగా ఉన్న హాలును ఒకసారి కళ్ళారా చూసుకున్నాడు.

“ఆ పిల్ల బాగా చేస్తోందమ్మా,” అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మిగిలిన ఆటలన్నీ సజావుగానే జరిగాయి. సూపు దగ్గర మాత్రం ఎవ్వరూ నవ్వలేదు. ఆ చోటు వచ్చిన ప్రతిసారీ అనెలీకి అమ్మ గుర్తొచ్చి మనసు వెలితిగా ఉండేది.

నెల తిరిగాక ఒక కబురు తెలిసింది. మొదటి నాటకంలో వంటమనిషి వేషం వేసిన హెస్టర్ ఇన్నేళ్ళూ నమీబియాలో, విండ్‌హుక్‌లో ఉండి ఊరికి తిరిగొచ్చిందట. అనెలీ పరుగున వెళ్ళింది. టీ కప్పు చేతికిచ్చేదాకా కూడా ఆగలేకపోయింది.

“టానీ,” అంది, పిన్నీ అని పిలిచినట్టు. “సూపు దగ్గర మీరేమనేవారు?”

“ఏ రోజు?” అంది ముసలావిడ.

“ఏ రోజేమిటి?” అంది అనెలీ.

“రోజుకొకటి కదే పిల్లా. పొద్దున ఊళ్ళో ఏం జరిగితే దాని మీద. మేయరు కుక్క తప్పిపోతే కుక్క మీద, పాస్టరు కారు బురదలో దిగబడితే కారు మీద. నాకంత బుర్రెక్కడిది? అన్నీ అపోలిస్ మాస్టారు చెప్పినవే.”

“ఆయనెవరు?”

“నాటకమంతా మన భాషలో రాసిందే ఆయన.”

“పోస్టరు మీద ఇంకెవరిదో పేరుండేదిగా?”

“మా డైరెక్టరు పుట్టించిన పేరది. తెల్లవాళ్ళకు తప్ప హాల్లోకి ప్రవేశం లేని రోజులు. ఆయన పేరెలా వేస్తారు? బడి అయ్యాక సైకిలు మీద వెనక గేటుకి వచ్చి ఆ పూట మాట నా చెవిన వేసి పోయేవాడు. మర్నాడు, ‘నవ్వారా?’ అని అడిగేవాడు. నవ్వారంటే సరిపోదు, ఎలా నవ్వారో నవ్వి చూపించమనేవాడు.”

“తర్వాత అందరినీ రానిచ్చారు కదా?”

“అప్పటికి ప్రొఫెసరుగారి నాటకం వచ్చేసింది. అందులో నాకేం పని అన్నాడు.”

అనెలీ కప్పు కింద పెట్టి లేచింది. నాటకం దొరికినట్టే, అమ్మ నవ్వు దొరికినట్టే అనిపించింది.

“ఆయన ఇల్లెక్కడ, టానీ? ఇప్పుడే వెళ్దాం.”

హెస్టర్ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“కిందటి వారమే మట్టిచేశాం తల్లీ. మీ పోస్టరు చూసి తన నాటకమే అనుకుని, ఒక శనివారం కోటు వేసుకుని, ‘ఈ పూటకి మంచి మాట తోచింది, ఇచ్చేసి ఈసారి నేనే కూర్చుని నవ్వు వినొస్తా’నని చెల్లెలితో చెప్పి మీ హాలుకే వచ్చాడట.”