అన్నీ పట్టే డ్రమ్ము

వచ్చినావిడ మొగుణ్ణి చంపేసి వచ్చిందని కంపోస్టు యంత్రాలూ సేంద్రియ ఎరువూ అమ్మే వ్యాపారికి పావుగంటలోనే అర్థమైపోయింది. అర్థమయ్యాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. పోలీసులకి ఫోన్ చెయ్యాలన్న ఆలోచన అతని బుర్ర దరిదాపులకి కూడా రాలేదు. దుకాణం పెట్టుకున్నవాడు అమ్మకం చూసుకోవాలి గానీ, ఎవరి కాపురాలు ఎలా ఏడిస్తే అతనికెందుకు?

ముందు, గుమ్మం దగ్గర ఇంకో ఇద్దరు తిరగేసి చూస్తున్న బుల్లి డబ్బాల్లోంచి, వంటింటి చెత్తకి సరిపోయేది ఒకటి చూపించాడు.

“ఇందులో ఏం పడతాయండీ, నాలుగు తొక్కలు” అని పెదవి విరిచింది.

చెత్తకుప్పల్ని తిరగేసే యంత్రం చూపించాడు.

“ఆరుబయట కుప్ప పెడితే కుక్కలు లాగవూ?”

“ఇంతకీ ఏం వేస్తారమ్మా మీరు?”

“అన్నీ.”

అతను గతుక్కుమన్నాడు. “మీవారిని కూడా తీసుకురావాల్సింది. ఇద్దరూ చూసుకుని కొనుక్కుంటే...”

“ఆయన ఇక రారులెండి. డెబ్బై అయిదు కిలోలు పట్టేది కావాలి. ఒకేసారి.”

“ఏదైనా సరే, ముక్కలు చేసి వేస్తే తొందరగా కుళ్లుతుందమ్మా” అన్నాడు. కొనేవాళ్లకి ఉచిత సలహా ఇవ్వడం అతనికి అలవాటు.

షెడ్డు మూల మూత బిగించిన పెద్ద డ్రమ్మొకటి నెమ్మదిగా తిరుగుతోంది. ఆవిడ దాని ముందు ఆగింది.

అది అమ్మేది కాదు, పనితనం చూపించడానికి పెట్టింది అనబోయి నాలిక్కరుచుకున్నాడు. నెలన్నరగా దాన్ని ఎలా వదిలించుకోవాలా అని కిందామీదా పడుతున్నాడు. తీసుకెళ్లాక మళ్లీ వచ్చి నోరెత్తని మనిషి కావాలి. ఈవిడకన్నా నోరెత్తని మనిషి ఎక్కడ దొరుకుతుంది?

“మీరు అడిగారు కాబట్టి ఇదే ఇచ్చేస్తాను. లోపలున్న ఎరువు ఊరికే.”

“బొమికలు కూడా అరుగుతాయా?”

తన సరుకు గురించి గొప్పలు పోకుండా ఉండలేని జబ్బొకటి ఉంది మహానుభావుడికి. “కోళ్లఫారంలో చచ్చిన కోళ్లు వేశానమ్మా, నలభై అయిదు రోజుల కిందట. లోపల అరవై డిగ్రీల వేడి. రంపప్పొట్టు వేసి రోజూ తిప్పాను, వాసన కూడా రాలేదు. ఇప్పుడు ఒక్క బొమిక కనిపిస్తే నన్నడగండి.”

“అయితే జల్లెడ పట్టండి, చూస్తాను.”

కొనేవాళ్లు అడిగేదే. డ్రమ్ము ఆపి, మూత తీసి, తనే పారతో తోడాడు. నల్లటి ఎరువు. తొలి వాన పడ్డ మట్టి వాసన. ఆవిడ జల్లెడ అందుకుని ఊపడం మొదలుపెట్టింది. ఒక పార, రెండు పారలు, అయిదు పారలు. అతనికి తోడి తోడి చేతులు లాగేస్తున్నాయి గానీ ఆవిడకి విసుగు రావట్లేదు. ఏడో పారకి జల్లెడలో ఏదో టంగుమంది.

ఆవిడ దాన్ని తీసి చేతిరుమాలుతో తుడిచింది. వేలెడంత స్టీలు పలక, దానికి నాలుగు మరలు.

“కోళ్లకి కాలు విరిగితే స్టీలు ప్లేటు వెయ్యరు కదండీ” అంది.

గుమ్మం దగ్గర బుల్లి డబ్బాలు చూస్తున్న ఆ ఇద్దరు మగవాళ్లూ లోపలికొచ్చి, పోలీసు కార్డులు చూపించి, అతనికి చెరో పక్కన నిలబడ్డారు. అప్పటిదాకా లేని ఏడుపు ఆవిడ గొంతులోకి తన్నుకొచ్చింది.

“మీ సేంద్రియ ఎరువులో యూరియా కలుస్తోందని, నమూనా పట్టుకెళ్లడానికి నెలన్నర కిందట ఒక ఇన్‌స్పెక్టరు వచ్చారు చూడండి, ఆయన కాలికి వేశారు. మా ఆయనే.”