కళ్లకు అతుక్కున్న కుబుసం

ఊరూరా ఒకే పేరుతో నడిచే పెంపుడు జంతువుల కొట్లలో ఒకదాంట్లో, మండే బల్బు కింద, గాజుపెట్టెలో రెండు నీరుకట్టె పాములు ఉండేవి. పెద్దది వరిచేలో దొరికింది. చిన్నది కొట్లోనే పుట్టింది.

చిన్నదానికి కుబుసం విడిచే వేళొచ్చింది. ఒంటి మీది పొర ముక్కలుముక్కలుగా ఊడింది కానీ, కళ్ల మీది పొర ఎండి అతుక్కుపోయింది.

"అత్తా, నాకేమీ కనబడటం లేదు!"

"అలాగే వదిలేస్తే గుడ్డిదానివైపోతావే," అంది పెద్దపాము. "మా మడిలో అయితే వాన వెలిశాక బురదలో నానేవాళ్లం. తుంగ మొదళ్లకు ముక్కు రాస్తే చాలు, ఒక్క చిరుగు లేకుండా కుబుసం జారిపోయేది. ఇక్కడేమో కింద నున్నటి కాగితం, గిన్నెలో పిచ్చుక తాగేటన్ని నీళ్లు."

"మళ్లీ మొదలెట్టిందమ్మా వరిమడి పురాణం!" అంది పక్క పంజరంలోని చిలక.

పెద్దపాము గిన్నెను తోకతో ఒంపి, ఆ తడిలో చుట్ట చుట్టుకుంది. "నా వీపు గరుకుగా ఉంటుంది. దానికేసి కళ్లు రుద్దు. మెల్లగా."

చాలాసేపటికి రెండు పొరలూ ఊడాయి. అంతలో కొట్టువాడు వచ్చి, "ఛీ, పెట్టంతా తడిపేశాయి!" అని విసుక్కుంటూ తుడిచి, గిన్నె పట్టుకుపోయాడు.

చిన్నపాము అత్త మొహంలోకి చూసింది. "అదేమిటత్తా, నీ కళ్లు పాలలా తెల్లబడ్డాయి?"

"నాకూ కుబుసం వేళొచ్చిందే. వాడు గిన్నె మళ్లీ తెస్తున్నాడేమో చూసి చెప్పు. ఇక మనిద్దరికీ నీ కళ్లే."