చీకటి కిటికీ

"ఊరందరి ఇండ్లల్లో దీపాలు పెట్టినారు. మన కిటికీ ఒక్కటే నల్లగా పూసినారేంది? ఈ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదా?" అని జానకమ్మ మొగుని మీద కేకలేసింది.

డ్రాయింగ్ మాస్టరు పద్మనాభయ్య కుంచె దించలేదు. పెన్న ఆవలి ఒడ్డు నుంచి సందెవేళ కనిపించే ప్రొద్దుటూరును నూనె రంగుల్లో వేస్తున్నాడు. కర్నూలు రాజధాని అయిన ఏడాది అది. అక్కడి ప్రదర్శనకు పంపాలని ఆయన ఆరాటం.

"అన్ని కిటికీలూ వెలిగితే కన్ను యాడ నిలుస్తాది? ఒక్కటన్నా చీకటిగా ఉంటేనే తక్కినవి వెలుగుతాయి. ఇంకొకరి ఇంటికి చీకటి పెట్టేదానికి నాకు చేతులు రాలేదు. అందుకే మనదానికి పెట్టినా."

"మంది మీద ఉండే దయ నా మీద లేదు" అని ఆమె మాట మానేసింది. అన్నం పెట్టేది, పలికేది కాదు.

నాలుగో దినం ఆయన బడిలో, నల్లబల్ల ముందరే కూలిపోయినాడు.

పదోదినం పొద్దున, జానకమ్మ పసుపు కుంకుమ తీసేయడానికి ఆడవాళ్లు వచ్చినారు. పెరట్లోకి పోతాపోతా ఆమె ఆయన వేసిన ఊరి పటం ముందర ఆగింది.

ఊళ్లో ఒక్క చీకటి కిటికీ కూడా లేదు.

నమ్మలేక తమ ఇంటి కిటికీ మీద వేలు పెట్టింది. నూనె రంగు ఆరేదానికి పది పన్నెండు దినాలు పడ్తాదని ఆయన ఎప్పుడూ అనేవాడు. పటమంతా ఆరింది. ఆ ఒక్కచోట రంగు ఇంకా పచ్చిగానే ఉంది.

"చేతికి పసుపు యాడ అంటిందమ్మా? దా, కడుగుతా" అని పెద్దామె చెయ్యి పట్టుకునింది.

జానకమ్మ పిడికిలి బిగించింది. ఎంతమంది చెప్పినా విప్పలేదు.