ఆరు నిమిషాల నడక

"ఆరు నిమిషాల్లో నూట ఎనభై మీటర్లేనా, బాబాయ్ గారూ? పేస్‌మేకర్ పెట్టకముందే రెండొందలు నడిచారు," అంది టెక్నీషియన్, స్టాప్‌వాచ్ ఆపి.

"మిషన్ తిరుగుతోంది గానీ కుట్టు పడట్లేదమ్మా," అన్నాడు ముసలి దర్జీ, వరండా బెంచీ మీద కూర్చుంటూ.

"స్కాన్‌లో గుండె రెండు వైపులా కలిసే కొట్టుకుంటోందే! మీలాంటి ఈసీజీ ఉన్న మిగతా రోగుల్లో ఈ పేస్‌మేకర్ ఎవరికి పెట్టాలో డాక్టరు గారు మీ అంకెలు చూసే తేలుస్తారు. పొద్దున లిఫ్టు దగ్గరే ఆయాసం వచ్చిందా?"

"లిఫ్టెక్కడిది? పాడైంది కదా. మెట్లెక్కే వచ్చాను."

మూడంతస్తులు. ఆమె పెన్ను ఆగింది. ఆయన నాలిక కరుచుకున్నాడు.

"బాగుందని రాస్తే మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

"ఏడాదికి."

"ఇప్పుడు నెలనెలా వస్తున్నాను." ఆయన చెప్పుల వైపు చూశాడు. "ఇంట్లోనూ నడుస్తానమ్మా. లెక్కపెట్టేవాళ్ళు లేరు."

ఆమె రాసిన అంకె కొట్టేసింది.

"లేవండి. ఈసారి దొంగ నడక వద్దు. చుట్లు నేను పైకి లెక్కపెడతాను."

ఆయన నాలుగొందల ఇరవై మీటర్లు నడిచాడు. ఆరు నిమిషాలయ్యాయని ఆమె చెప్పినా ఆగకుండా ఇంకో చుట్టు వేశాడు. అది కాగితం మీదికి ఎక్కదు. ఆమె దాన్నీ పైకే లెక్కపెట్టింది.