ఏవండీ

నగల షాపులో అద్దం ముందు ఆమె పచ్చల హారం పెట్టుకుని, "ఏవండీ, ఎలా ఉన్నాను?" అని అడిగింది.

"మహారాణీ, కిరీటం ఒక్కటే తక్కువ! నీకింకా ఒక్క వెంట్రుకా నెరవలేదోయ్," అన్నాడు ముసలాయన మురిసిపోతూ.

సేల్స్ అమ్మాయి నవ్వాపుకుంటూ వజ్రాల గాజులు కూడా తీసింది. ఆయనే ఆమె చేతికి తొడిగాడు.

"నలభై ఏళ్ళుగా రేపూ ఎల్లుండీ అంటూ తప్పించుకున్నానమ్మా. ఇవాళ దొరికిపోయాను," అన్నాడు సేల్స్ అమ్మాయితో.

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె నోరు జారింది.

"ఇక చాల్లే, ఇంటికెళ్దాం పద నాన్నా."

ఆయన చటుక్కున ఆమె చేయి వదిలేశాడు. కంగారుగా షాపంతా కలియజూసి, చివరికి ఆమెనే అడిగాడు.

"మా ఆవిడ ఇప్పటిదాకా ఇక్కడే ఉందమ్మా. నువ్వేమైనా చూశావా?"