కాలు తీసే మనిషి

“కాలు తీసేయల్లప్పా. ఇంగ వేరే దోవ లేదు.”

అరుగు మీది నుంచి వినపడిన ఆ మాటకు లోపల మంచం మీదున్న సారమ్మ గుండె గుభేలుమంది.

“తీసేయన్నా. ఆ కాలుతో ఇంగేం పని?” అన్నది ఆమె మొగుడు ఇస్సాకే!

“ఆమెకు మాత్రం ఏమీ సెప్పొద్దు,” అన్నాడు కొత్త మనిషి.

“సరేన్నా. నేను పోయి చెక్కపలక తెస్తా.”

సారమ్మ తన కాలికేసి చూసుకుంది. ఆదోనిలో లైనింగు గుడ్డ కొనుక్కొని వస్తుంటే ఆటో బోల్తా పడి, కుడికాలు నుజ్జయింది. పుండు మానకపోతే తీసేయక తప్పదని డాక్టరు ముందే చెప్పాడు. కాలు పోతే మిషన్ తొక్కేదెట్లా? ఎమ్మిగనూరులో సగం పేటకు జాకెట్లు కుట్టిన మనిషి, ఒకరు పెట్టే ముద్ద కోసం ఎదురుచూస్తూ బతకాలా?

కిటికీ సందులోంచి చూసింది. ఆ మనిషి సంచి విప్పి ఇనప సామాన్లు బయటికి తీస్తున్నాడు. డాక్టరు వాలకం కాదు. నాటు వైద్యుణ్ణి ఇంటికే పిలిపించాడన్నమాట, మహానుభావుడు!

గోడ పట్టుకొని కుంటుతూ వెళ్లి తలుపు గడియ పెట్టింది. మళ్లీ కిటికీ దగ్గరికొచ్చి అరిచింది.

“ఓయ్! మీ ఇంట్లో ఆడమనిషి లేదా? పోయి ఆమె కాలు తియ్ పో! ఆమె మంచాన పడితే తెలుస్తాది నీకు!”

ఆ మనిషి చేతులు ఆగిపోయాయి. తల వంచుకొని మళ్లీ సామాన్లు చేతికి తీసుకున్నాడు.

ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు. సారమ్మ చెవులు మూసుకుంది. “యేసయ్యా, నా కాలు నాకుండనీ!”

కాసేపటికి చప్పుడు ఆగిపోయింది.

“మేయ్, తలుపు తియ్!” ఇస్సాకు గొంతు.

“సచ్చినా తియ్యను. నా కాలు నేనియ్యను!”

“నీ కాలెవురడిగినారే పిచ్చిదానా! తీసింది మిషన్ కాలు!”

భయపడుతూనే గడియ తీసింది.

అరుగు మీద ఆమె అమ్మ నాటి నల్ల మిషన్ స్టూలు మీద, పలకకు బిగించి ఉంది. తొక్కుడు స్టాండు గోడవారకు చేరింది. చక్రం పక్కన చేత్తో తిప్పే పిడి ఒకటి కొత్తగా వచ్చింది.

సారమ్మ గుడ్డముక్క పెట్టి పిడి తిప్పింది. కుట్టు వరసగా పడింది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

“యాడికి పాయె ఆయన? నోటికొచ్చినట్టు తిడితి కదయ్యా!”

“ఇప్పుడే బస్సుకు పాయె. టీ తాగిపో అన్నా నిలబడలే.”

“ఇట్లాంటి పిడి ఆదోనిలో అంగడంగడి తిరిగినా లేదనిరే. ఆయన యాడ కొన్నాడు?”

ఇస్సాకు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“కొనలే మేయ్. వాళ్లింట్లో మిషన్‌ది ఊడదీసి తెచ్చినాడు. ఆ పొద్దు ఆటో కింద నీ పక్కనే పాణమిడిసిన సిద్దమ్మ మొగుడాయన.”